ఎర్రదారం కుట్టు

"గల్లీ దిక్కు దండెం మీద ఆరెయ్యకని ఎన్నిసార్లు చెప్పిన నీకు!"

జగన్మోహన్‌రావు తెల్ల బ్యాండ్లను మంచం మీద పేకముక్కల్లా పరిచి నిలబడ్డాడు. వకీళ్లు నల్లకోటు మీద మెడకు పెట్టుకునే, రెండు నాలుకల్లా వేలాడే ఆ గుడ్డలు వారానికి సరిపడా ఉండాలి. ఒకటి తక్కువైంది.

జానకీబాయి కోటు భుజాల మీది దుమ్మును బ్రష్‌తో దులుపుతూ తల ఎత్తలేదు.

"వెనుకదిక్కు ఎండ యాడున్నది? జామచెట్టు నీడకు ఆరితే గంజి పులిసిన వాసనొస్తది. పోయినేడు జడ్జి ముందట ముక్కు రుద్దుకున్నరు గదా, ఆ వాసనకే."

"అది జలుబు చేసి."

"జలుబైతే ఆనాడు నన్నెందుకు అన్నరు మరి?"

కోర్టులో సాక్షిని గుక్క తిప్పుకోనివ్వని మనిషి ఇంట్లో ఇట్లాంటి ఎదురు ప్రశ్నలకే చిక్కుతాడు. బ్యాండ్లన్నీ దగ్గరికి జరిపి మళ్లీ లెక్కపెట్టాడు.

"పోనీ, పడ్డదాన్ని తెచ్చుకోవద్దా?"

"ఎట్ల తేవాలె? నిన్న మాపు బట్టలు తీస్తుంటే క్లిప్పు ఊడి గల్లీల పడ్డది. ఖైరున్బీ కొడుకు సాదిక్ అటే పోతుండే. తీసి, దులిపి, 'దొరసానీ, గిది మీదేనా' అని చెయ్యి పైకెత్తి చూపెడుతున్నడు. అప్పుడే చౌరస్తల డీజే బండి అద్దం భళ్లుమన్నది. ఇగ ఉర్కుడే ఉర్కుడు. నేను కిందికి దిగి గేటుకు గొళ్లెం పెట్టుకున్న."

నిన్న నిమజ్జనం ఊరేగింపులో రాయి పడిందనీ, బండి నడిపే మల్లేష్ నుదుటికి కుట్లు పడ్డాయనీ ఊరంతా తెలుసు. జగన్మోహన్‌రావు రాత్రంతా ఫోన్లోనే ఉన్నాడు. ఇప్పుడు ఆ సంగతి మాని బ్యాండ్ సంగతే పట్టుకున్నాడు.

"సాదిక్ దగ్గరుంటే అడిగి తెప్పియ్యి. టిచ్ బటన్ మంచిగ కూసునేది అదొక్కటే."

దుకాణంలో దొరికే బ్యాండ్లకు మెడ వెనుక ముడివేసుకునే నాడాలుంటాయి. ఆ ముడి ఒరుసుకుని ఆయన మెడ మీద ఎర్రగా దద్దు తేలుతుంది. అందుకే పెళ్లయిన కొత్తలోనే జానకీబాయి మెత్తని మల్లుగుడ్డ కొని, నాడాల బదులు నొక్కితే పట్టుకునే టిచ్ బటన్ వేసి కుట్టడం మొదలుపెట్టింది. ఇస్త్రీ బండి దగ్గర వేరే వకీళ్లవాటితో కలిసిపోతున్నాయని, ప్రతిదాని లోపలి మడతలో ఎర్రదారంతో ఒక్క కుట్టు వేస్తుంది. అన్నం వార్చిన గంజిని పలుచని గుడ్డతో రెండుమార్లు వడగట్టి, చల్లార్చి, చిటికెడు నీలిమందు కలిపి ముంచుతుంది. కోడలు సృజన డబ్బాలో వచ్చే గంజిపొడి తెచ్చినప్పుడు ఒక్కసారి వాడి చూసి, పక్కన పెట్టేసింది.

ఆ ముచ్చట అట్లా సగంలో ఉండగానే ఓంప్రకాశ్ కారు వచ్చి గేటు ముందు ఆగింది.

ఓంప్రకాశ్ పార్టీ పనిమీద కరీంనగర్ నుంచి వస్తుంటాడు. కూర్చోకముందే నవ్వాడు.

"అన్నా, నోరు తీపి చెయ్యమను వదినను. ఈసారి టికెట్ మనదే. పైన మాటైపోయింది."

కొడుకు ఆకాశ్ లోపలి నుంచి పరుగున వచ్చాడు. జగన్మోహన్‌రావు మాత్రం కుర్చీ చేతులను రెండు చేతులతో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. రెండుసార్లు అసెంబ్లీకి నిలబడి రెండుసార్లూ ఓడినవాడు. ఒకసారి మున్సిపల్ చైర్మన్‌గా చేశాడు, అంతే. ఆ మాట కోసం ఆయన ఎంత కాచుకున్నాడో జానకీబాయికి తెలుసు. ఇద్దరికీ చాయ్ తెచ్చి పెట్టింది.

"ఒక్కటే ముచ్చట," అన్నాడు ఓంప్రకాశ్. "నిన్నటి లొల్లి. అవుతల పార్టోళ్లు నీ నోటికోసమే ఎదురుచూస్తున్నరు. నువ్వు ఒక్క మాటన్నవంటే, ఇగో సూడుండ్రి, తురకోళ్ల వకీలు అని గల్లీ గల్లీ తిప్పుతరు. లిస్టు బయటికొచ్చేదాక జర ఓపిక పట్టు. గెల్చినంక కుర్సీల కూసొని ఎంతమందినన్న ఇడిపియ్యి, ఎవడొద్దన్నడు?"

"నేనేం అనలే ఇంకా."

"అనొద్దనే చెప్తున్న అన్నా." ఓంప్రకాశ్ కళ్లు గోడవైపు తిరిగాయి. "గా ఫోటో సుత లోపటి రూంల పెడితే మంచిగుంటది గద వదినా? వచ్చేటోళ్లు పోయేటోళ్లు, సెల్లుల ఫోటోలు కొడుతుంటరు."

గోడమీది ఫోటోలో జగన్మోహన్‌రావు పంచె కట్టి, నుదుటి నిండా ఊదు బూడిద పెట్టుకుని, పీరును భుజానికెత్తుకుని ఉన్నాడు. కాన్పులు నిలవక వాళ్లమ్మ పీరీలకు మొక్కుకుంటే పుట్టిన కొడుకు. ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ ఆయన్ను పీరయ్య వకీలనే పిలుస్తారు. ఏటా పీర్ల పండుగకు పీరుకు కట్టే మొదటి దట్టీ గుడ్డ ఈ ఇంటినుంచే పోతుంది. ఈ ఏడు దట్టీ పోయింది కానీ, మోకాళ్ల నొప్పులని చెప్పి ఆయన పోలేదు.

"అది మా అత్తమ్మ పెట్టిన జాగ," అంది జానకీబాయి. "ఇంకొన్ని చాయ్ పొయ్యాలెనా?"

*

మధ్యాహ్నం ఖైరున్బీ పెరటి గుమ్మం నుంచి వచ్చింది. గోళ్లలో తునికాకు పచ్చ, బీడీ తంబాకు వాసన. ఎప్పుడూ వంటింటి గడపమీద కూర్చుని చాయ్ తాగి పోయే మనిషి, ఈసారి కూర్చోలేదు.

"పొద్దుగాల సాదిక్‌ను తీస్కపోయిండ్రు దొరసానీ. లుంగీ మీదనే తీస్కపోయిండ్రు. రాళ్లు ఇసిరిండంట. వాడు ఏమెరుగడు. యాడనో ఫ్రిజ్ బాగ చేసి వస్తుండే. పానాల సంచి భుజం మీదనే ఉండె."

జానకీబాయి చేతిలోని గరిటె గిన్నె అంచుమీద ఆగింది. నిన్న పైకెత్తిన ఆ చెయ్యి కళ్లముందు నిలిచింది. ఒక చేతిలో బ్యాండ్. రెండో చెయ్యి భుజంమీది సంచి పట్టీని పట్టుకుని ఉంది. అద్దం పగిలిన చప్పుడుకు సాదిక్ కూడా ఉలిక్కిపడి అటు తిరిగాడు.

"రా, సార్‌తోనే చెప్దువు," అని తానే ముందు గదికి తీసుకుపోయింది.

ఎవరు ఏ కష్టంతో వచ్చినా జగన్మోహన్‌రావు మొదటి మాట ఒక్కటే: "ఏ సెక్షన్ పెట్టిండ్రు?" ఆ మాట అంటూనే కళ్లద్దాలు తీసి ధోవతి కొంగుతో తుడుస్తాడు. ఆ తుడవడం చూస్తేనే వచ్చినవాళ్లకు సగం ధైర్యం. ఈసారి ఆయన ఖైరున్బీ చెప్పిందంతా విన్నాడు. కళ్లద్దాలు ముక్కుమీదే ఉన్నాయి.

"చూద్దాం తీ," అన్నాడు. "పరేషాన్ గాకు."

"చుట్టీ అయిపోవస్తున్నది సాబ్. మళ్ల దుబాయ్ పనికి పోవాలె, టికెట్ తీసుకున్నడు. లోపల ఉంటే విసా పోతది. కేసైతే పాస్‌పోర్ట్ సుత గుంజుకుంటరంట."

"చూద్దాం అన్న గదా."

పెరట్లోకి వచ్చాక ఖైరున్బీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సాబ్ ఉన్నడు, నాకేం ఫికర్ లే," అంది. 

దీపాలు పెట్టే వేళకు ఆకాశ్ సెల్‌ఫోన్ పట్టుకుని వచ్చాడు. పోలీసుల ప్రెస్‌మీట్ వీడియో. ముఖాలకు నల్ల ముసుగులు తొడిగి ఆరుగురిని వరుసగా నిలబెట్టారు. ముందు బల్ల మీద సాక్ష్యాలట: రాళ్లు, రెండు కట్టెలు, ఒక ఖాళీ సీసా. సీసా పక్కన ఒక తెల్లగుడ్డ. పెట్రోల్‌లో ముంచి నిప్పంటించడానికి దగ్గర పెట్టుకున్న గుడ్డ అని ఒక అధికారి కర్రతో చూపించి చెబుతున్నాడు.

గంజి బిరుసుకు ఆ గుడ్డ బల్లమీద వాలిపోకుండా, రెండు నాలుకలూ కొంచెం పైకి లేచి ఉన్నాయి. మొదటి మనిషి లుంగీ మీద ఉన్నాడు.

జానకీబాయి ఏదో అనబోయింది. అంతలో జగన్మోహన్‌రావు, "ఇటు తే," అని ఫోన్ తీసుకున్నాడు. వీడియో వెనక్కి జరిపాడు. బల్ల దగ్గర ఆపి, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. చాలాసేపు చూశాడు. ఆమె ఆయన ముఖమే చూస్తూ నిలబడింది. ఇప్పుడంటాడు, అరే గిది నా బ్యాండ్ గదనే, అని ఇప్పుడంటాడు.

ఆయన ఫోన్ కొడుకు చేతిలో పెట్టాడు. "చార్జింగ్ తక్కువున్నది, చూసుకో," అన్నాడు.

*

మర్నాడు పొద్దున కోటు తొడుక్కున్నాక జానకీబాయి బ్యాండ్ అందించబోతే, జేబులోంచి కొత్తది తీశాడు. దుకాణం బ్యాండ్. నాడాలు మెడ వెనుక తడబడుతూ తానే ముడి వేసుకున్నాడు.

"ఇవి ఉన్నయి గదా?"

"ఉండనీ. అలవాటైతది."

ముందు గది ఊడుస్తుంటే గోడమీద ఫోటో ఉన్నంత మేర సున్నం తెల్లగా కనిపించింది. మేకు అట్లాగే ఉంది. ఫోటో బియ్యం డ్రమ్ముల గదిలో, గోడవైపు ముఖం పెట్టి నిలబెట్టి ఉంది. ఆమె చీపురు చంకలో పెట్టుకుని కొంగుతో ఆ అద్దం తుడిచింది. దాన్ని అక్కడే వదిలేసి వచ్చింది.

సృజన మామగారి దగ్గరే జూనియర్. సాయంత్రం కోర్టునుంచి ఒక్కతే, ముందుగా వచ్చింది. కోటు కుర్చీమీద పడేసి వంటింట్లో నేలమీద కూర్చుంది.

"బార్ అసోసియేషన్‌ల తీర్మానం చేసిండ్రు అత్తమ్మా. ఆ ఆరుగురి దిక్కుకెల్లి ఎవ్వలు వకాలత్ వెయ్యొద్దంట. వేస్తే సభ్యత్వం తీసేస్తరంట."

"మీ మామయ్య ఏమన్నడు?"

సృజన చిక్కుడుకాయలు దగ్గరికి లాక్కుని ఈనెలు తీయసాగింది.

"చేతులెత్తుండ్రి అన్నప్పుడు మామయ్యకు ఫోన్ వచ్చింది. మాట్లాడుకుంట బయటికి పోయిండు. అందరి చేతులు దిగినంక వచ్చిండు."

"ఎవరి ఫోను?"

"నేను పక్కనే కూసున్న అత్తమ్మా. సెల్ మోగలే."

పొయ్యిమీద పాలు పొంగి చుట్టూ కారాయి. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. ఆ తరువాత జానకీబాయే లేచి, మంట తగ్గించి, తడిగుడ్డతో గట్టు తుడిచింది. మరక పోయిన తరువాత కూడా తుడుస్తూనే ఉంది.

ఆ రాత్రి జగన్మోహన్‌రావు పడకకుర్చీలో పేపర్ పట్టుకుని కూర్చుంటే, ఆమె ఎదురుగా చాపమీద కుట్టుడబ్బా పెట్టుకుని కూర్చుంది. కొత్త మల్లుగుడ్డ కొలిచి కత్తిరించింది. టిచ్ బటన్ కుట్టింది. సూదిలో ఎర్రదారం ఎక్కించి, ఆయనకు కనిపించేటట్టు వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది.

పేపర్ కిందికి దిగింది. ఆయన చూపు దారం మీద పడింది. అక్కడే కాసేపు ఉంది. మళ్లీ పేపర్ పైకి లేచింది.

"పోయిన బ్యాండ్ సంగతి అడుగుతలేరేమి?" అంది ఆమె.

"కొత్తది కుడుతున్నవ్ గదా."

ఆమె దారాన్ని పళ్లతో తెంపింది. ఆయన మెడ వెనుక అప్పుడే ఎర్రగా దద్దు తేలింది. ఎడమచేత్తో గోక్కుంటూనే పేజీ తిప్పాడు. ఎన్నో ఏళ్లుగా ఆ దద్దుకు కొబ్బరినూనె రాసిన చెయ్యి ఆమెది. ఈసారి లేవలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం యాటకూర, బగారన్నం. ఆదివారాలు అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి జానకీబాయి వడ్డించి, అందరూ లేచాక తింటుంది. ఈ ఆదివారం పొద్దున ఆమె చెప్పులు వేసుకుని ఖైరున్బీ ఇంటికి పోయి వచ్చింది. ఎందుకు పోయిందో ఎవరికీ చెప్పలేదు. అక్కడ చాటలో బీడీ ఆకు అట్లాగే ఎండుతూ ఉంది. సాదిక్ పెట్టె సర్ది గోడకు ఆనించి ఉంది. దుబాయ్‌లో కంపెనీవాళ్లకు ఇవ్వడానికట, పెట్టె పైన మామిడి తొక్కు సీసాను తువ్వాలలో చుట్టి కట్టారు. "సాబ్ బార్‌ల కొట్లాడుతుండు గదా దొరసానీ?" అని ఖైరున్బీ అడిగింది. జానకీబాయి నీళ్లు అడిగి తాగింది.

ఆకాశ్ ఉషారుగా ఉన్నాడు. "సాయంత్రం ఓంప్రకాశ్ అంకుల్ వస్తుండు. పేరు రేపటి లిస్టులనే ఉంటదంట బాపూ. ఫ్లెక్సీలకు చెప్పాల్నా?"

"ఆగు, తిననియ్యి."

జానకీబాయి అందరికీ వడ్డించింది. గిన్నెలు మధ్యలోకి జరిపింది. తరువాత తన పళ్లెం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆకాశ్ ఆశ్చర్యంగా చూశాడు.

"ఏందమ్మా, ఇయ్యాల మాతోనే కూసున్నవ్?"

"చెప్పేది ఉన్నది." పళ్లెంలో అన్నం పెట్టుకుంది కానీ కలపలేదు. "సాదిక్ రాయి ఇసరలే. బల్ల మీద పెట్టింది పెట్రోల్ గుడ్డ కాదు, నేను కుట్టిన బ్యాండ్. రేపు నేను కోర్టుకు పోతున్న. జడ్జి ముందట అదే చెప్త."

సృజన చెయ్యి ముద్దతో సగంలో ఆగింది.

"అమ్మా, నీకేమన్న అర్థమైతున్నదా?" ఆకాశ్ గొంతు పెరిగింది. "రేపు లిస్టు! రేపు! బాపు ఇన్నేండ్లు తిరిగిండు. పైసలు లేకున్నా తిరిగిండు, గెలవకున్నా తిరిగిండు. ఇయ్యాల చేతికందుతుంటే నువ్వు…"

"నాకు ఎరుకే బిడ్డా. ఆయన చెప్పులు అరిగింది నేను చూడలేదా?"

"తెల్లగుడ్డలన్నీ ఒక్క తీరే ఉంటయి. నీదేనని ఎట్ల చెప్తవ్?"

"నాకే కాదు, మీ బాపుకు సుత ఎరుకే."



"బ్యాండ్ పోయిందని ఆ పొద్దు ఇల్లంతా లేపిండ్రు మీరు," అంది ఆమె, ఆయనతోనే. గొంతు పెంచలేదు. "సాదిక్ దగ్గర ఉన్నదంటే తెప్పియ్యమన్నరు. మాపటికి సెల్‌ల చూసిండ్రు. ఆ గడియకెల్లి మళ్ల ఒక్కసారి అడుగలే. దుకాణంకు పోయి కొనుక్కున్నరు. మెడ ఒరుసుకుపోతున్నా పెట్టుకుంటున్నరు. నేను మొన్నటిసంది చూస్తనే ఉన్న, మీరే అంటరని. మీరు అంటే నేను చెప్పే పనే లేకుండె."

 జగన్మోహన్‌రావు అన్నంలో వేళ్లు పెట్టి, కలిపిందే మళ్లీ కలిపాడు. ఆకాశ్ తండ్రివైపు చూశాడు. కాదనే ఒక్క మాట కోసం చూశాడు.

"లోపటి మడతల ఎర్రకుట్టు ఉంటది," అన్నాడు జగన్మోహన్‌రావు చివరికి, పళ్లెంతోనే మాట్లాడుతున్నట్టు. "వీడియోల అది కండ్లకు ఆనలే గని, టిచ్ బటన్ ఆనింది."

బల్లమీద ఆకాశ్ ఫోన్ మోగింది. ఓంప్రకాశ్. ఎవరూ ఎత్తలేదు. మోగి మోగి ఆగింది.

"అట్ల నేరుగ పోయి జడ్జి ముందట చెప్తనంటే రాసుకోరు," అన్నాడు ఆయన. మాట తీరు మారింది. "బెయిల్ పిటిషన్ వెయ్యాలె. దానితోని నీ అఫిడవిట్ పెట్టాలె. పిటిషన్ వెయ్యాలంటే వకీలు కావాలె."

"నేనేస్త మామయ్యా," అంది సృజన.

"నిన్ను ఒక్కపూటల బార్‌కెల్లి ఎల్లగొడుతరు." ఆయన ఎడమచేత్తో కళ్లద్దాలు తీశాడు. ధోవతి కొంగు పట్టుకుని నెమ్మదిగా, ఒక అద్దం తరువాత ఒక అద్దం తుడిచాడు. "ఏ సెక్షన్లు పెట్టిండ్రు?"

సృజన చెప్పింది. ఆయన వింటూ తల ఊపాడు.

ఫోన్ మళ్లీ మోగింది.

"బాపూ, ఏం చెప్పాలె?" ఆకాశ్ తండ్రివైపు తిరిగాడు. "ఏం చెప్పమంటవ్ నన్ను?"

"బాపు రేపు కోర్టుకు పోతుండని చెప్పు. ఏ కేసుకని అడిగితే అది సుత చెప్పు. దాసిపెట్టకు."

ఆకాశ్ ఫోన్ ఎత్తాడు. తరువాత ఎంగిలి చేత్తోనే లేచి వసారాలోకి పోయాడు. తలుపు అవతలి నుంచి "అంకుల్, నమస్తే" అన్న మాట వినిపించింది. ఆ తరువాత అంతా అవతలి మనిషే మాట్లాడుతున్నట్టుంది.

జగన్మోహన్‌రావు కళ్లద్దాలు పెట్టుకుని భార్యవైపు చూశాడు. మూడు రోజుల్లో సూటిగా చూడటం అదే మొదలు.

"రాయి ఎవరిసిరిండ్రో చూసినవా?"

"చూడలే. ఇసిరింది సాదిక్ కాదని చూసిన."

"గంతే చెప్పు. మీద ఒక్క మాట ఎక్కువొద్దు. కండ్లల్ల పొద్దు పడ్డదా?"

"లేదు. మనది తూర్పు మొఖం ఇల్లు. మాపటి పొద్దు నా వీపు దిక్కుండె."

"బంగ్ల మీదికెల్లి గల్లీల మనిషి మొఖం గుర్తువడుతదా?"

"నన్ను దొరసానీ అని పిలిచిండు. పిలిచినోని మొఖం గుర్తువట్టనా?"

"నీకు చూపు తక్కువ. అద్దాలు పెట్టుకున్నవా ఆనాడు?"

"పెట్టుకున్న. లేకుంటే దండెం మీద క్లిప్పులు ఆనుతయా నాకు?"

"క్లిప్పుల సంగతి నిన్నెవరడిగిండ్రు?" జగన్మోహన్‌రావు కోర్టు గొంతుతో కసిరాడు. "అడిగినదానికే జవాబు చెప్పాలె. అవుతల వకీలు క్లిప్పు పట్టుకొనే గుంజుతడు. మళ్ల చెప్పు, అద్దాలు పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

"అట్ల." ఆయన పళ్లెం దగ్గరికి జరుపుకున్నాడు. కూర గిన్నె ఆమెవైపు తోశాడు. "తిను, సల్లారుతున్నది. తిన్నంక ఆ కొత్త బ్యాండ్‌కు గంజి పెట్టు. గల్లీ దిక్కే ఆరెయ్యి, పొద్దుగాలవరకు ఆరాలె."